ఇంటికో పడి

విరుదునగరంలో మిరపకాయల కొట్ల వీధిలో నడిస్తే ఘాటుకు తుమ్ములు ఆగవు. మొన్న అలా తుమ్ముతూ ఒక కొట్టు ముందు నిలబడ్డాను. లోపల ఎవరో కొలవడానికి ఇనుప పడిలో సజ్జలు పోస్తున్నారు. మొదట గలగలమని, నిండేకొద్దీ మెత్తబడి, చివర అరచేతితో అంచు తుడిచేటప్పుడు సర్రుమని చప్పుడు. ఎతిరాజు మామ ముఖం కంటే ఆ చప్పుడే నాకు బాగా గుర్తు. ఆ రోజే అందిన కరపత్రం నా జేబులో ఉంది. మా కోవిల్‌పట్టి గ్రంథాలయం వార్షికోత్సవానికి అచ్చువేసింది. “ఇంటికో పడి” అన్న పిలుపు నాదేనని అందులో నన్ను పొగిడారు. మామ పేరు ఎక్కడా లేదు. “ఒక సభ్యుడు గ్రంథాలయ ధాన్యాన్ని తన వాళ్ళకు పంచిపెట్టినా సంఘం నిలదొక్కుకుంది” అని ఒక వాక్యం మాత్రం ఉంది. ఆ వాక్యం రాసిందెవరో నాకు తెలియదు. దాన్ని పుట్టించింది మాత్రం, ఇరవై ఏళ్ళ కిందట, నేనే.

మామ నాకు చుట్టం కాదు. ఊరంతా అలాగే పిలిచేది. విరుదునగరంలో ఒక పప్పుల కొట్లో కొలిచే పని చేస్తూ రోజూ కోవిల్‌పట్టి నుంచి రైల్లో వెళ్ళివచ్చేవాడు. నేను అప్పుడు పత్తి మిల్లులో గుమాస్తాను. కోవిల్‌పట్టి స్టేషను దగ్గర అద్దె గదిలో, విరుదునగరం పెద్దలు నడిపే మా సంఘం గ్రంథాలయం పెట్టింది. ఒక బెంచీ, రెండు పత్రికలు, బీరువా లేక గోనెపట్ట మీద పేర్చిన పుస్తకాలు. ఆదివారాలు మేము ఐదుగురం చుట్టుపక్కల రేగడి పల్లెలకు వెళ్ళి సాయం అడిగేవాళ్ళం. రైతుల చేతిలో డబ్బు ఆడదు కాబట్టి గింజలే అడుగుదామన్నది మామ. వాటిని గది వెనక భాగంలో నిలవచేసి, ధర వచ్చినప్పుడు విరుదునగరంలో అమ్మి, బీరువా కొనాలని అనుకున్నాం. తీసుకునేటప్పుడు మామ ఎప్పుడూ పడి అంచు తుడిచి తీసుకునేవాడు. రాశిపోసి ఇవ్వబోతే మిగిలింది వాళ్ళ చాటలోకే తోసేసేవాడు.

మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ చదవం. చదువంతా తమిళమే. తమిళంలో పడిప్పు అంటే చదువు, పడి అంటే చదువుకో అని. ఇంట్లో పడి అంటే గింజలు కొలిచే పాత్ర. రెండూ కలిపి నేనొక పిలుపు కట్టాను: “ఇంటికో పడి, పడి ఇంటికి!” చదువుకునే ఇంటికి ఒక కొలత ఇవ్వండి అని నా ఉద్దేశం. నా తెలివికి నేనే మురిసిపోయాను. మామ ఒక్కసారి తనలో తను అనుకుని చూసి, “నోటికి బాగుండాది అల్లుడూ. చెవికి ఎట్ల పడుతుందో” అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మొదటి పల్లెలో లచ్చక్క అనే విధవరాలు మూడు పడులు పోసింది. పోసి, “ఈ పడి ఇల్లు ఎన్నాళ్ళు ఉంటాది సామీ?” అని మామను అడిగింది. ఆయన నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. “ఎప్పుడూ ఉంటుంది అక్కా! ఎప్పుడు కావాలన్నా రావచ్చు!” మామ నావైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టే ఉంది. మళ్ళీ వంగి పడి అంచు తుడిచాడు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఒక ఆదివారం పొద్దున నేనూ మామా గదిలో ఉండగా లచ్చక్క ఖాళీ చాటతో వచ్చింది. ఆమె వెనక ఇంకో పది మంది.

“తంబీ, నా పడి ఇయ్యి” అంది నాతో.

“ఏ పడి అక్కా?”

“ఏ పడా? పడి ఇల్లు అంటివే! కరువుకు దాచే ఇల్లని కదా మూడు పడి పోస్తిని. ఎప్పుడైనా రమ్మంటివే!”

“అయ్యో, పడి ఇల్లంటే పుస్తకాలు చదివే ఇల్లక్కా!”

ఆమె గోనెపట్ట మీది పుస్తకాలను చూసింది. “ఆమా, అట్లనా? అయితే దీన్ని దంచి కూడు వండేదా, లేక ఉడకేసేదా? నీవే చెప్పు.”

వెనకవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. మామ లేచి, మూట విప్పి కొలవడం మొదలుపెట్టాడు. ఈసారి అంచు తుడవలేదు. ప్రతి పడీ కారిపోయేట్టు రాశిపోశాడు. “మామా, అది బీరువాకు!” అన్నాను. “పుస్తకాలు కింద ఉంటే ఏమి అల్లుడూ, చెదలు రాకుండా చూస్తాంలే” అన్నాడు. మధ్యాహ్నానికి గది వెనక భాగం ఖాళీ.

విరుదునగరంలో సంఘం పెద్దలు సమావేశం పెట్టి నిలదీశారు. పుచ్చుకున్నవాళ్ళలో సగం మంది మామ కులంవాళ్ళే. “ఊరిదాన్ని నీవాళ్ళకు పెట్టినావా?” అని అడిగారు. మామ తల తిప్పి నన్ను చూశాడు. జనం పొరబడింది నా మాటవల్లనని నేనొక్కడినే చెప్పగలను. నేను లేచి, “వద్దని చెప్పాను, వినలేదు” అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళు దాని మీద కూర్చోగలిగాను. ఆ రోజే మామను సంఘం నుంచి తీసేశారు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. లచ్చక్క మూడు పడులు తెచ్చి గదిలో పోసి, “పడి ఇంట్లో పెట్టు” అని చెప్పి వెళ్ళింది. మిగతావాళ్ళూ తెచ్చారు. ఆ గింజలతోనే బీరువా వచ్చింది. ఆమె ఏ ఇల్లనుకుని పోసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. దాచుకుందా, దానమిచ్చిందా? అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మామ మాత్రం ఆదివారాలు వచ్చి, అందరిలాగే బెంచీ మీద కూర్చుని పత్రిక చదువుకుని పోయేవాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు అడిగాను. “వాళ్ళు పొరబడ్డారని నీకు మొదటిరోజే తెలుసా మామా?” పత్రిక దించకుండానే అన్నాడు: “తెలిసుంటే తీసుకొనుందునా? తెలవకుంటే తిరిగిచ్చుందునా?” ఆ రెండు ముక్కలనూ ఇప్పటిదాకా తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. ఏ వైపు నుంచి చూసినా ఆయన మీద తప్పు తేలదు. నా మీద తేలుతుంది. ఆ రోజు అది ఆయనతో అనలేదు. తరవాత అనడానికి ఆయన లేడు.

ఈ కాగితం వార్షికోత్సవంలో చదవమని ఇస్తాను. చదువుతారో లేదో తెలియదు. ఇంట్లో నా భార్య రోజుకు రెండుసార్లయినా “పడి ఎక్కడ పెట్టినారు?” అంటుంది. ఆ మాట వినగానే రెండు అర్థాలూ ఒక్కసారే వచ్చి నిలబడతాయి. ఏది అడిగిందో ఒక్క క్షణం నాకు తోచదు. ఆ క్షణంలో మామ తల తిప్పి, నేను నోరు తెరుస్తానేమోనని నన్ను చూస్తూ ఉంటాడు.