బయటూరి ముక్కు

చనిపోయిన రోజు పొద్దున్న కనకరత్నం చేసిన ఆఖరి పని, పాత టేకు డ్రస్సింగ్ టేబులు సొరుగులో బొగ్గుముక్కల మూట పెట్టడం. కొడుకు దొరబాబు లుంగీ చింపిన గుడ్డలో బొగ్గు కట్టి, సొరుగు మూలకి నెట్టి, చేతులు చీరకి తుడుచుకుని వంటింటివైపు కేకేసింది.

"ఏటే రాధా, ఓపాలొచ్చి తల పెట్టి సూడు. వాసనొస్తందా?"

కోడలు గరిటె పట్టుకునే వచ్చింది. వంగి సొరుగులో ముక్కు పెట్టింది.

"కొంచెం ముక్కిన వాసనుందత్తా."

"ఉందా! అయితే ఇంకో రెండ్రోజులుండనీ," అని నవ్వింది కనకరత్నం.

ఆ నవ్వెందుకో రాధకి అంతు పట్టలేదు. ఆరేళ్ళుగా ఆమెకి అత్త నవ్వు మీద నమ్మకం లేదు. పొయ్యి మీద కూర మాడిపోతోందని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గుండెల్లో పట్టేసినట్టుందని కనకరత్నం చాప మీద ఒరిగింది. ఆటో ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

వాళ్ళిల్లు ఫిషింగ్ హార్బర్ దగ్గర, మెట్ల సందులో. కనకరత్నం మొగుడు పడవల వడ్రంగి. అతను పోయాక ఆవిడ చేతిలో మిగిలింది చెక్క గురించి అతను నేర్పిన తెలివే. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర పాత బీరువాలు, పెట్టెలు, కుర్చీలు కొనేది. వాటి వాసన వదిలించి అమ్మేది. "పాత సెక్కకి వాసన పైన ఉండదే. పాలిష్ తగలని లోపలి ఒంట్లో దాక్కుంటాది," అనేది. ముందు సొరుగులన్నీ ఊడదీసి గాలికి పెట్టడం. తర్వాత వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డ గట్టిగా పిండి తుడవడం. చెక్క తడిస్తే ఉబ్బుతుందని ఆ గుడ్డని రాధ చేత మళ్ళీ పిండించేది. ఆరాక తినే సోడా చల్లి ఒక రాత్రి ఉంచి దులపడం. సిగరెట్ వాసనకి కాఫీపొడి, చెమ్మ వాసనకి బొగ్గు. అప్పటికీ లొంగకపోతే లోపల సన్నటి ఉప్పుకాగితం పట్టి లక్కపాలిష్ కొట్టడం.

అన్నీ అయ్యాక చివర్న ఆ కేక. ఏటే రాధా, వాసనొస్తందా?

రాధది తగరపువలస. నాన్నది బట్టల కొట్టు. దొరబాబుని ఇష్టపడి చేసుకుంది. కాపురానికి వచ్చిన రోజు సందు మొదట్లో, ఎండుచేపల గాలి తగలగానే, తెలీకుండానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తలెత్తితే గుమ్మంలో అత్త. కనకరత్నం ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే రాధని తినేసింది. అందుకే అత్త వాసన చూడమన్న ప్రతిసారీ ఆమెకి అది ఎత్తిపొడుపులానే వినిపించేది. అంత పనితనం ఉన్న మనిషికి తన ముక్కు ఎందుకు? నలుగురిలో వంగదీసి, నీ ముక్కు గొప్ప నాకు గుర్తుందే అని చెప్పడానికి కాకపోతే!

పక్కింటి పోతమ్మ ఊరుకునేది కాదు. "రత్నమ్మా, నీ కోడల్ని బీరువాలో ఎట్టి తాళమేసీ. అదే వాసన పట్టీస్తది."

"నోర్ముయ్యే. నీ కోడలికుందా అలాంటి ముక్కు?" అనేది కనకరత్నం. అందరూ నవ్వేవారు. రాధ నవ్వేది కాదు.

కిందటి వేసవిలో మద్దిలపాలెం నుంచి దేవీప్రసాద్ అనే లెక్చరర్ వచ్చి, పుస్తకాలకని ఒక అద్దాల బీరువా మాట్లాడుకున్నాడు. లోపలంతా కలరా ఉండల వాసన. కనకరత్నం వారం కష్టపడి అది వదిలించింది. ఆఖరి మూడు రోజులు డాబా మీద గాలికి పెట్టింది. అదే డాబా మీద, రెండు బారల దూరంలో, పోతమ్మ వల పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టింది. ఆ సందులో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ వాసన ఒక వాసనే కాదు.

కేక రాగానే రాధ డాబా ఎక్కింది. తల పెట్టింది. ఎండు నెత్తళ్ళ వాసన గుప్పున కొట్టింది. పక్కనే పోతమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది. అత్త కళ్ళు తన మొహం మీదే ఉన్నాయి. చేపల వాసన అని తన నోటితో అనిపించడానికే ఇదంతా అనుకుంది రాధ. ఒకసారి అనేస్తే ఇక జన్మంతా అదే మాట.

"ఏటీ లేదత్తా."

"బాగా సూసావా?"

"సూసాను."

బీరువా వెళ్ళింది. నాలుగో రోజు ట్రాలీ ఆటోలో వెనక్కి వచ్చింది. వెనకే దేవీప్రసాద్. వాకిట్లో ఆయనా అత్తా గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఆయన ఒకసారి వంటింటి కిటికీవైపు చూశాడు. చెప్పేస్తోంది, అనుకుంది రాధ. రాత్రి దొరబాబుతో కూడా చెప్తుంది. తను అబద్ధమాడిందని తేలితే ఈ ఇంట్లో తన మాటకి విలువేముంటుంది?

కనకరత్నం ఎవరికీ ఏమీ చెప్పలేదు. బీరువాని ఈసారి నడవలోకి చేర్చింది. నిమ్మచెక్కలతో రుద్ది, వెనిగర్‌తో తుడిచి, లక్కపాలిష్ కొట్టింది. పన్నెండో రోజున మళ్ళీ అదే కేక. రాధ ఈసారి నిజం చెప్పింది, వాసన లేదని. అప్పట్నుంచి ఎప్పుడూ నిజమే చెప్పింది, కానీ భయంతో. ఈ ముసలిది ఏదో ఒక రోజు లెక్క తేల్చుకుంటుంది, ఆ అబద్ధాన్ని మనసులో దాచిపెట్టుకుంది అని.

ఆ రోజు రాకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు దేవీప్రసాద్ వచ్చాడు. కబురు ఆలస్యంగా తెలిసిందట. మంచినీళ్ళు తాగి, గోడనున్న ఫోటోకి దణ్ణం పెట్టాడు.

"మీరేనా అమ్మా ఆవిడ కోడలు? మీ గురించి తెగ చెప్పేవారు. 'మా ముక్కులు సముద్రానికి అలవాటు పడిపోనాయి బాబూ, సేపల వాసనుంటే మాకు తెలీదు. మా ఇంట్లో బయటూరి ముక్కు ఒకటుంది. అది సరే అంటేనే సరుకు గుమ్మం దాటుతాది' అనేవారు."

రాధ ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది.

"బీరువా తిప్పి తెచ్చిన రోజు నేనే అడిగాను," అన్నాడాయన. "మరి మీ కోడలు చూడలేదా అని. 'లేదు బాబూ, ఆ వారం అది పుట్టింటికెళ్ళింది. నాదే తొందర' అన్నారు."

ఆ వారం రాధ ఎక్కడికీ వెళ్ళలేదు.