కౌంటరమ్మ చూడని సముద్రం

పేరుకి టూరు ఆఫీసే గానీ అది బస్టాండుకి ఎదురు సందులో, మందుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క గది. అందులో సగం కౌంటరే. కౌంటరు వెనక ఎత్తు కుర్చీ, ఆ కుర్చీలో పన్నెండేళ్ళుగా ఆవిడ. ఊళ్ళో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలియదు. అందరూ కౌంటరమ్మ అనేవారు. చివరికి దర్జీ పని చేసే కట్టుకున్న మొగుడు కూడా సరదా పుట్టినప్పుడల్లా అలాగే పిలిచేవాడు.

ఆ ఆఫీసు అమ్మేది ఒక్కటే సరుకు: ఒక్కరోజు సముద్రం. ఆదివారం పొద్దున్న ఆరింటికి బస్సు కదులుతుంది, తొమ్మిదిన్నరకి తీరంలో దింపుతుంది, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఎక్కించుకుంటుంది. మధ్యలో భోజనం, పడవ షికారు, మిగతాదంతా ఎవరిష్టం వాళ్ళది. గోడకి ఆ తీరం ఫోటో ఉండేది. కిటికీలోంచి పడే ఎండకి అందులోని నీలమంతా ఎగిరిపోయి సముద్రం బియ్యం కడిగిన నీళ్ళలా అయిపోయింది. ఆ ఫోటో చూసి టిక్కెట్టు కొన్నవాడు ఒక్కడూ లేడు. కౌంటరమ్మ మాట విని కొనేవారు.

"చివరి మలుపు తిరుగుతుంది చూడండీ, ముందు వాసనొస్తుంది" అని మొదలుపెట్టేది. "ఉప్పు వాసన కాదు, తడి బట్టలు ఎండలో ఆరుతున్న వాసన. తర్వాత కొబ్బరిచెట్లు. వాటి సందుల్లోంచి నీలం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మీరు దిగీ దిగకముందే అల వచ్చి కాళ్ళని పలకరిస్తుంది. వెనక్కి పోతూ పోతూ అరికాళ్ళ కింద ఇసుక లాక్కుపోతుంది. చక్కిలిగిలి పెట్టినట్టుంటుందండీ, పెద్దవాళ్ళు కూడా పకపకా నవ్వేస్తారు."

వినేవాళ్ళు అప్పటికే నవ్వుతుండేవారు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళేది.

ఇంతా చేసి ఆవిడ సముద్రం చూడలేదు.

కొత్తగా చేరిన వారంలో ఒకాయన "మీరు వెళ్ళారా అక్కడికి?" అని అడిగాడు. "వెళ్ళకపోతే ఎలా చెబుతానండీ" అనేసింది. అనగానే నాలుక కరుచుకుంది కానీ, ఆయన టిక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నించీ ఆ మాట నోటికి అలవాటైపోయింది. తిరిగొచ్చినవాళ్ళు సంచి మర్చిపోయామనో, గొడుగు దొరికిందా అనో వచ్చినప్పుడు ఊరికే వదిలేది కాదు. ఎలా ఉంది, ఏం చూశారు, నీళ్ళు చల్లగా ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగేది. ఒకరి దగ్గర వాసన, ఒకరి దగ్గర రంగు, ఇంకొకరి దగ్గర చక్కిలిగిలి. అన్నీ ఏరి దాచుకుని, తనదిగా చేసి చెప్పేది.

"అబద్ధానికి కూడా కొలతలు తీసుకుని కుడతావే నువ్వు" అనేవాడు దర్జీ. "ఎక్కడా ముడత కనబడదు."

ఏడాదికి రెండు సీట్లు ఉద్యోగులకి ఊరికే ఇచ్చేవారు. మొదటి ఏడు కూతురికి జ్వరం. రెండో ఏడు అత్తగారి కంటి ఆపరేషను. ఆ తర్వాత ఏ అడ్డమూ లేదు. కూతురు పెళ్ళి చేసుకుని హాయిగా ఉంది, అత్తగారు కొత్త కళ్ళతో పక్కింటివాళ్ళ వ్యవహారాలన్నీ చూసి, నిండుగా బతికి వెళ్ళిపోయింది. అయినా కౌంటరమ్మ ఆ సీట్లు ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. తన మనసులో అంత అందంగా కట్టుకున్నది తీరా వెళ్ళి చూస్తే అలా ఉండదేమోనని భయం. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. "బస్సు పడదండీ, కడుపులో తిప్పుతుంది" అనేది.

ఒక ఆదివారం ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయనగా ఇంట్లో ఫోను మోగింది. గైడు బస్సు మెట్టు మీంచి జారి మడమ మెలితిప్పుకున్నాడట. బస్సు నిండా ముప్పై ఒక్క మంది ఉన్నారు.

"నువ్వెళ్ళమ్మా" అన్నాడు ఓనరు. "నీకు తెలియనిదేముంది? వెళ్ళొచ్చినవాళ్ళ కంటే నువ్వే బాగా చెబుతావు."

ఆవిడ ఫోను పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది. దర్జీ ఒక కన్ను తెరిచి సంగతంతా విన్నాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"వెళ్ళవే. ఇన్నేళ్ళు అమ్మావు, ఒక్కసారి నీ సరుకు నువ్వు చూసుకురా" అని, లేచి, ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గర సర్ది పెట్టాడు.

డ్రైవరు అరవై దాటిన మనిషి. పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఆ బస్సు తోలినవాడు. ఆవిడ మెట్టెక్కుతుంటే అద్దంలోంచి చూసి, "రా తల్లీ, వచ్చావా చివరికి" అన్నాడు, ఆవిడకి మాత్రమే వినబడేలా. అప్పుడర్థమైంది. ఎక్కిన ప్రతివాడూ 'కౌంటరమ్మ పోయిన నెల వెళ్ళినప్పుడు' అంటూ ఈయనతో చెప్పే ఉంటాడు. ఆవిడ ఒక్కనాడూ ఈ బస్సెక్కలేదని ఈయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? పన్నెండేళ్ళూ ఈయన ఎవరి దగ్గరా పెదవి విప్పలేదు.

"బాబాయ్..." అంది.

"దారి నేను చూసుకుంటాను. నువ్వు మాట్లాడుతుండు."

మాట్లాడింది. మైకు పట్టుకుంటే, మాటలు పాతవే కాబట్టి వాటంతటవే వచ్చేశాయి. కిటికీ అవతల పొలాలు, ఉప్పు పట్టిన గోడలు, నిద్రమొహాల ఊళ్ళు వెనక్కి పోతున్నాయి. బస్సంతా పిల్లల్లా విన్నది. రెండో వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు, పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. పక్కన బొద్దుగా ఆయన భార్య.

"మీరు చెప్పిన మాట మీదే వచ్చామమ్మా" అన్నాడాయన. "మా ఆవిడకి వారం రోజులుగా నిద్రలేదు."

"నిద్రలేనిది ఆయనకి. నేను గుర్రుపెట్టి పడుకున్నాను" అందావిడ.

చివరి మలుపు తిరిగింది. వాసన వచ్చింది, నిజంగానే తడి బట్టల వాసన. కౌంటరమ్మ మైకు దించేసింది. కొబ్బరిచెట్లు వచ్చాయి. బస్సు ఆగింది. అందరికంటే ముందు తనే దిగింది.

సముద్రం లేదు.

కొబ్బరిచెట్ల అవతల తడి ఇసుక. ఆ ఇసుక అలా పోతూ పోతూ, చూపు ఆనినంత దూరం ఉంది. ఎక్కడో చివర పెన్సిలుతో గీసినట్టు సన్నటి తెల్లటి గీత. పడవలు రెండు పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాయి. ముప్పై ఒక్క మంది వరసగా నిలబడి ఆ ఖాళీని చూశారు. తర్వాత అందరూ తిరిగి ఆవిడని చూశారు.

"నీళ్ళేవమ్మా?" అన్నాడు లిఫ్టాయన.

ఆవిడ ఆ తెల్లటి గీత వైపే చూసింది. పన్నెండేళ్ళలో ఎవరూ ఈ ముక్క చెప్పలేదే! చెప్పే ఉంటారు, తనే వదిలేసి ఉంటుంది, ఏరుకున్న అందాల్లో ఇది ఇమడక. వెనక నుంచి డ్రైవరు బస్సు తలుపు మూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "ఆటు వేళ కదా, నీళ్ళు వెనక్కి పోయాయి. పోటు పదకొండు దాటాక. అందాకా లోపలికి నడిచి చూడండి, బావుంటుంది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆవిడ చెప్పులు విప్పేసింది. "రండి" అంది. తను ముందు నడిచింది.

పది అడుగులు వేసేసరికి కాలి కింద నేల మారిపోయింది. ఇసుక మీద గోరంత లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి, అద్దంలా. అందులో ఆకాశం మొత్తం పడుకుని ఉంది. మబ్బులు కాళ్ళ కిందనుంచి నెమ్మదిగా జరుగుతున్నాయి. అడుగు వేస్తే మబ్బు చెదురుతుంది, తీస్తే మళ్ళీ అతుక్కుంటుంది. మనిషి మనిషికీ కింద తలకిందులుగా ఇంకో మనిషి, అరికాలికి అరికాలు ఆనించి, తోడుగా నడుస్తున్నాడు. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఎందుకో గొంతు తగ్గించారు. తర్వాత మాటలే ఆపేశారు. చిటికెన వేలి గోరంత పీతలు వాళ్ళ అడుగుల చప్పుడుకి ఒక్కసారిగా బొరియల్లోకి మాయమై, వాళ్ళు దాటిపోయాక మళ్ళీ బయటికి వస్తున్నాయి.

కౌంటరమ్మ ఎంతసేపు నడిచిందో తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే కొబ్బరిచెట్లు పచ్చటి దారప్పోగులా ఉన్నాయి. తను ఆకాశం నడిమధ్యలో నిలబడి ఉంది. ఇది ఎవరి దగ్గరా ఏరుకున్నది కాదు. దీనికి తన దగ్గర ఒక్క మాటా సిద్ధంగా లేదు.

లిఫ్టాయన పక్కకి వచ్చి నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది.

"ఈ సంగతి కౌంటరు దగ్గర చెప్పలేదేమమ్మా మీరు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అక్కడ, అంత వెలుతురులో, చెప్పబుద్ధి కాలేదు.

"నాకూ తెలియదండీ" అంది. "నేను రావడం ఇదే మొదటిసారి. అన్నీ విన్నవే చెప్పాను."

ఆవిడ తల దించుకుంటే కింద ఆయన మొహమే కనబడింది, నీళ్ళలో, నవ్వుతూ.

"ముప్పై ఏళ్ళు లిఫ్టులో పైకీ కిందకీ తిరిగానమ్మా. చివరి అంతస్తు, మేడ మీదనుంచి ఊరంతా కనిపిస్తుందండీ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. నేను మేడెక్కింది రిటైరైన రోజున. అక్కడిదాకా వెళ్ళినా లిఫ్టు వదిలి దిగడానికి వీలు లేదు కదా."

"ఎలా ఉందండీ పైనించి?"

"ఏమో. మా ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోయింది" అన్నాడు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఆయన భార్య వచ్చింది. సంగతి విని ఆవిడ అసలు ఆశ్చర్యపోలేదు. "అయితే చెల్లీ, నువ్వింకా నీళ్ళలో దిగనే లేదన్నమాట. పద" అని చెయ్యి పట్టుకుంది.

పోటు ఎప్పుడు మొదలైందో ఎవరూ కనిపెట్టలేదు. అల లేదు, చప్పుడు లేదు. ఇసుక మీది గీతలు ఒక్కొక్కటే మునిగాయి, చీలమండలు తడిశాయి, మోకాళ్ళు చల్లబడ్డాయి. సముద్రం పరాయి ఇంటికి వచ్చినట్టు కాకుండా, తన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చినట్టు వచ్చింది. అందరూ దాంతోపాటే వెనక్కి వెనక్కి నడిచి వచ్చి, నడుములోతున ఆగారు. నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా, గోరువెచ్చగా ఉన్నాయి.

"వెనక్కి వాలిపో" అంది లిఫ్టాయన భార్య.

"అమ్మో, మునిగిపోతానక్కా."

"నా చెయ్యి వీపు కిందే ఉంటుంది. ఆకాశం చూడు. మంచం మీద పడుకున్నాననుకో."

వాలింది. చెవుల్లోకి నీళ్ళు వచ్చాయి, లోకం చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. బదులుగా ఎక్కడో లోతున సన్నగా చిటపటలు, బాణలి పొయ్యి మీద వేడెక్కుతున్నట్టు. తన ఊపిరి తనకి వినిపించింది. ఊపిరి పీలిస్తే ఒళ్ళు పైకి తేలుతోంది, వదిలితే కాస్త కిందికి దిగుతోంది. ఎత్తు కుర్చీలో కూర్చుని కూర్చుని పట్టేసిన నడుము, ఎవరో ముడి విప్పినట్టు వదులైంది. కూతురి జ్వరం గుర్తొచ్చింది, చిన్నప్పుడు దాని నుదుటి మీద తడిగుడ్డ. అత్తగారు కంటి కట్టు విప్పిన రోజున "నీ జుట్టు నెరిసిందే" అన్న మాట గుర్తొచ్చింది. ఏదీ బరువుగా లేదు. అన్నీ తనతోపాటు పక్కపక్కనే తేలుతున్నాయి.

కాసేపటికి తలెత్తి చూస్తే లిఫ్టాయన భార్య నాలుగు బారల దూరంలో నిలబడి జుట్టు పిండుకుంటోంది. వీపు కింద చెయ్యి ఎప్పుడు తీసేసిందో ఏమో.

భోజనం గంట ఆలస్యమైంది. గైడు చెయ్యాల్సిన మొదటి పనే ఆవిడ మర్చిపోయింది. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ, చివరికి తనే నీళ్ళ దాకా వచ్చి, "తల్లీ, అన్నాలు చల్లారిపోతున్నాయి. తిన్నాక మళ్ళీ తేలుదువుగానీ" అని కేకేశాడు. ఎవరూ విసుక్కోలేదు. తడిబట్టలతోనే చెట్ల నీడన కూర్చుని, ఉప్పు వేళ్ళతో తిన్నారు.

రాత్రి ఇంటికి వచ్చేసరికి దర్జీ మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతున్నాడు. కుట్టడం ఆపి, "ఊఁ, చెప్పు" అన్నాడు. ఆవిడ చెప్పడానికి నోరు తెరిచింది. నీళ్ళు లేవంది. ఆకాశం కింద ఉందంది. మంచంలా ఉందంది. ఒక్క ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన కుదరలేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ మాటలో ఒక్క ముడతా చూడని మనిషి, పెళ్ళాం అలా తడబడుతుంటే చేతిలో బట్ట పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

గైడు మడమకి ఆరు వారాలు పట్టింది. ఆరు ఆదివారాలూ కౌంటరమ్మే వెళ్ళింది. ఆటుపోట్ల వేళలు డ్రైవరు దగ్గర నేర్చుకుని ఒక కాగితం మీద రాసుకుంది. కౌంటరు దగ్గర మాటలు తగ్గిపోయాయి. "ఒక్కో వారం పొద్దున్న నీళ్ళు దూరంగా ఉంటాయి, కంగారు పడకండి. చెప్పులు చేత్తో పట్టుకుని నడవండి" అనేది, అంతే. టిక్కెట్లు తగ్గుతాయేమోనని ఓనరు బెంగపడ్డాడు. తగ్గలేదు. గైడు కోలుకున్నాక ఆవిడకి వారంలో నాలుగు రోజులు కౌంటరు, ఆదివారం అతనితోపాటు బస్సు అని ఒప్పందం అయింది.

ఆ ఆరింటిలో నాలుగో ఆదివారం దర్జీ కూడా కొట్టు మూసి బయల్దేరాడు. ఆ రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. జనమంతా రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు. కౌంటరమ్మ మాత్రం నీళ్ళలోనే వెల్లకిలా తేలుతూ ఉండిపోయింది. చినుకులు సముద్రం మీద పడుతుంటే చుట్టూ లక్ష చిన్న చిన్న గుంటలు పడి పూడుతున్నాయి. పైన నీళ్ళు చల్లగా, కింద నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

కళ్ళు తెరిచేసరికి తల దగ్గర దర్జీ నిలబడి ఉన్నాడు. ప్యాంటు రెండు కాళ్ళూ సరిగ్గా ఒకే కొలతకి మడిచి ఉన్నాయి. మడత దాటి నీళ్ళు తొడలదాకా వచ్చిన సంగతి చూసుకోలేదు. చేతిలో గొడుగు, అది ఆవిడ మొహం మీదికి వంచి పట్టుకున్నాడు.

"తడిసిపోతావే" అన్నాడు.