మాస్టారి వేలిముద్ర

మాస్టారు పోయారని మొన్న పొద్దున్న రాజోలు బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. చేసింది ఆయన భార్య. "నిద్రలోనే వెళ్ళిపోయేరమ్మా. నీకు చెప్పాలనిపించింది" అన్నారు. ఆ ఇంట్లోవాళ్ళకి నేనింకా గుర్తున్నందుకే నాకు సిగ్గేసింది.

ఆయన మా ఊరి ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండాల్సిందే. సాయంత్రాలు ఊరి చివర దళితులుండే పేటలో, తన ఇంటి వరండాలో పిల్లలకి పాఠాలు చెప్పేవారు, ఆ తర్వాత పెద్దవాళ్ళకి సంతకాలు నేర్పేవారు. మా అమ్మ అరవయ్యో ఏట వేలిముద్ర మానేసి సంతకం పెట్టిందంటే ఆయన చలవే. "సంతకమంటే మన మొహం అమ్మా. మనం లేనిచోట మనకి బదులు నిలబడుతుంది" అనేవారు. అమ్మ తన పేరులో వత్తు మర్చిపోయినప్పుడల్లా "మొహానికి ముక్కు లేదండోయ్" అని ఏడిపించేవారు.

అలాంటాయన కుడి చెయ్యి విరగ్గొట్టింది నా తమ్ముడు.

ఆ వరండా పక్కనే మా కొబ్బరితోట. పిల్లలు కూర్చున్న వేళకే తమ్ముడు గెలలు దింపిస్తుంటే మాస్టారు వెళ్ళి, "కాయ పడితే పిల్లల తలలు పగులుతాయండి, పాఠం అయ్యేక దింపించుకోండి" అన్నారట. పేటవాడు నాకు చెప్పేదేంటని వాడు కొబ్బరి మట్ట ఎత్తాడు. తాగి కూడా లేడు. తలకి అడ్డం పెట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఎముక అతికింది గానీ వేళ్ళలోకి పట్టు మళ్ళీ రాలేదు.

అమలాపురం కోర్టులో కేసు నడుస్తుండగా వాడికి గల్ఫ్‌లో ఉద్యోగం కుదిరింది. కేసుంటే పోలీసు క్లియరెన్సు రాదు. రాజీ అడగడానికి ఇంట్లో ఎవరికీ మొహం చెల్లక నన్ను పంపారు. వెళ్ళాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మాస్టారు డబ్బు మాట ఎత్తనివ్వలేదు. "మీ తమ్ముణ్ణి ఓసారి ఇక్కడికి రమ్మనమ్మా. పిల్లలు చూస్తుండగా తప్పయిందండి అంటే చాలు. కొట్టడం వాళ్ళు చూసేరు కదా, ఇదీ చూడాలి" అన్నారు.

"కాగితంలో రాయిద్దామాండీ?" అన్నాను.

"ఎందుకమ్మా, నువ్వున్నావు కదా."

లోక్ అదాలత్ రోజున రాజీ కాగితం ముందు పెడితే పెన్ను ఆయన వేళ్ళలోంచి జారిపోయింది. రెండోసారీ అంతే. గుమాస్తా ఇంకు ప్యాడ్ ముందుకి జరిపాడు. ఊరందరి చేతా వేలిముద్రలు మాన్పించినాయన ఎడమ బొటనవేలు అద్దారు. ఎవరైనా ఒత్తిడి చేశారా అని జడ్జిగారు అడిగితే, "లేదండి, ఇష్టంగానేనండి" అన్నారు. కేసు కొట్టేశారు. బస్సులో దారంతా ఆ వేలు తెల్లచొక్కాకి తగలకుండా ఎత్తిపట్టుకునే కూర్చున్నారు.

ఆ ఆదివారమే వస్తానన్న తమ్ముడు రాలేదు. "పేటలోకెళ్ళి నలుగురిలో తప్పయిందని చెప్పాలా అక్కా? కేసు అయిపోయింది కదా" అన్నాడు. విమానం ఎక్కేశాడు. ఆ మాట మాస్టారికి చెప్పే ధైర్యం లేక, "సెలవు మీద వచ్చినప్పుడు నేనే తీసుకొస్తానండి" అని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారో, నా మొహం చూసి ఊరుకున్నారో తెలీదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే తన చెక్క కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేసేవారు. పిల్లలెవరైనా ఎక్కబోతే "అది కాదురా" అనేవారు. రెండేళ్ళు అలాగే వేశారు. తమ్ముడు ఒకసారి సెలవుకి వచ్చి వెళ్ళాడు కూడా.

మాస్టారిని పూడ్చి సమాధుల తోట నుంచి అందరూ తిరిగొచ్చాక నేను ఆ వరండా మెట్ల దగ్గరే నిలబడిపోయాను. మాస్టారి భార్య నా వైపు చూశారు.

"ఎంతసేపు నిలబడతావమ్మా? ఆ కుర్చీలో కూర్చో. మీవాళ్ళ కోసమే కదా వేసేరు."

ఆవిడ కోపంగా అనలేదు. కూర్చున్నాను. ఎదురుగా మాస్టారి కుర్చీ. దాని కుడి చేతి మీద, ఆ పనికిరాని చెయ్యి ఆనించుకునే చోట, రంగు అరిగిపోయి చెక్క తేలింది.