మా బావమరిది కూర్చుని నేర్చుకోడు

మా బావమరిదికి ఒక వింత గుణం ఉండేది: ఫోనులో ఏ పని నేర్చుకున్నా, ఎక్కడ నేర్చుకున్నాడో అక్కడికి వెళితే తప్ప అది అతనికి గుర్తు వచ్చేది కాదు.

మేమిద్దరం ఒకే కార్యాలయంలో ఉద్యోగులం. నేను ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసేవాణ్ణి. అతడు వాటిని బయటికి పంపే విభాగంలో ఉండేవాడు. ఒకనాడు నా ఎదుటే అధికారి అతణ్ణి పిలిచి, ఫోనులో ఒక ఉత్తరానికి కాగితం జతపరచి పంపమన్నారు.

"పది నిమిషాల్లో వస్తాను సార్!" అంటూ అతడు గుమ్మం దాటాడు.

"ఎక్కడికయ్యా?"

"సెలూన్‌కి సార్. జతపరచడం అక్కడ నేర్చుకున్నాను. ఇక్కడ గుర్తు రాదు."

వెళ్ళాడు, కుర్చీ ఎక్కాడు, జతపరిచాడు, వచ్చాడు. ఆ నెలలో ఈ పని నాలుగుసార్లు పడింది. తలమీద ఉన్నదే తక్కువ. మూడోసారికే సెలూన్ యజమాని చేతులు జోడించి, "కత్తిరించడానికి ఇంకేం మిగల్లేదండీ, ఊరికే కూర్చుని వెళ్ళండి," అన్నాడట.

అక్షరాలు కొట్టడం, చెరపడం మేడమెట్ల మీద నేర్చుకున్నాడు. తేదీ వేయడం బస్సుస్టాపులో. వానాకాలంలో అతని ఉత్తరాలలో తేదీలు ఉండేవి కావు.

ఈ సెలూన్ ప్రయాణాలు మొదలు కావడానికి వారం ముందే మా కార్యాలయానికి ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. మూడు నెలల తరువాత ఉత్తరాలన్నీ ఫోనులోనే తయారు కావాలి. అందుకు పరీక్ష ఉంటుంది. తప్పినవారిని నేలమాళిగలోని పాత దస్త్రాల గదికి పంపుతారు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా కిటికీ పక్కన కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా రాసినవాణ్ణి నేను. శిక్షణకు వెళ్ళాను. పాఠం చెప్పే అమ్మాయి, "తాతగారూ, మెల్లిగా తాకాలి, అలా పొడవకూడదు," అన్నది. గది గదంతా నవ్వింది. రెండో రోజు నేను వెళ్ళలేదు. ఈ జన్మలో ఆ వస్తువును నేర్చుకోనని ఇంట్లో ప్రకటించాను.

బావమరిది మాత్రం సాయంత్రం కాగానే నా బల్ల దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

"బావగారూ, బస్సుస్టాపు దాకా తోడు రండి. తేదీ మరిచిపోయాను."

"నేను నేర్చుకోను."

"మిమ్మల్నెవరు నేర్చుకోమన్నారు? కాస్త ఫోను పట్టుకోండి, చాలు."

అక్కడికి వెళ్ళగానే అతని రెండు చేతులకూ ఏదో ఒక పని తగిలేది. ఒకనాడు కూరగాయల సంచులు. ఒకనాడు ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో తెగిన చెప్పు. సెలూన్‌లోనైతే మెడదాకా గుడ్డ కప్పుకుని, సబ్బు నురగలోంచి ఆజ్ఞలు జారీ చేసేవాడు.

"ఆ కింది గుర్తు నొక్కండి బావగారూ. అది కాదు, దాని పక్కది. అమ్మయ్య!"

"నిన్ననే కదయ్యా నొక్కింది! ఎన్నిసార్లు మరిచిపోతావు?"

"జ్ఞాపకశక్తంతా మా అక్కయ్యకే వచ్చింది, నేనేం చేయను? మీ తప్పు ఒక్కటైనా మరిచిపోయిందా చెప్పండి!"

చివరికి విసుగు పుట్టి, అతడు నోరు తెరవకముందే నేనే నొక్కి పారేసేవాణ్ణి.

పరీక్షనాడు అధికారి నా ముందు ఫోను పెట్టి, ఉత్తరం రాసి, తేదీ వేసి, ఒక వాక్యం చెరిపి, కాగితం జతపరచి పంపమన్నారు. నాకు రాదని మనవి చేయడానికే నోరు తెరిచాను. తేదీ అనగానే బస్సుస్టాపు కళ్ళముందు నిలిచింది. వేలు దానంతట అదే కదిలింది. చెరపడమనగానే మెట్లు కనిపించాయి. జతపరచడమనగానే సబ్బు వాసన వచ్చింది. ఏడు నిమిషాలలో ఉత్తరం వెళ్ళిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నారు అధికారి.

"ఊరంతా నేర్చుకున్నానండి," అన్నాను.

తరువాతి వంతు బావమరిదిది. ఇప్పుడితణ్ణి సెలూన్‌కి ఎవరు పంపుతారని నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అతడు కుర్చీలో కూర్చున్నాడు. ఒకటిన్నర నిమిషంలో ముగించి లేచాడు.

వరండాలో పట్టుకున్నాను. "నీకు ముందే వచ్చునా?"

"మిమ్మల్ని కూర్చోబెట్టి నేర్పితే నేర్చుకునేవారా?"

"ససేమిరా నేర్చుకునేవాణ్ణి కాదు."

"మరి! మీరు ఆ నేలమాళిగలో దుమ్ము దులుపుకుంటూ ఉంటే, మా అక్కయ్య చేత చీవాట్లు తినేది ఎవరు? నేను!" అని నున్నటి తల నిమురుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం ఉదయం, ఎవరూ అడగకుండానే నా మొదటి సొంత ఉత్తరం ఫోనులో రాసి అతనికి పంపాను: "విషయము: బావగారిని మూడు నెలలపాటు నమ్మించి మోసగించుట గురించి. ఇందుకు తమ సంజాయిషీ వెంటనే సమర్పించవలెను."

క్షణంలో జవాబు వచ్చింది: "సంజాయిషీ నోటితోనే ఇచ్చుకుంటాను, ఈ పూట భోజనానికి పిలిస్తే."

"ఆమోదించడమైనది" అని పంపి, ఆ సంగతి చెబుదామని వంటగదిలోకి వెళ్ళాను. మా ఆవిడ అప్పటికే మూడో కంచం పెట్టి ఉంచింది.