కింద చెప్పండి

ఫోనులో ఎవరేం చెయ్యమంటే మా బాబాయి అది చేస్తాడు. ఏ వీడియో చివరనైనా "ఎలా ఉందో కింద చెప్పండి" అన్నారా, చెప్పులేసుకుని మూడో అంతస్తు నుంచి కిందికి దిగి చెప్పేసి వస్తాడు.

కింద ఉండేది గడియారాలు బాగుచేసే పెద్దాయన. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. దుమ్ము పడుతుందని కొట్టు తలుపెప్పుడూ వేసే ఉంటుంది. మనిషి ఒంటరి, పైగా ముక్కు మీదే కోపం. "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగితే చాలు, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని మొహం మీదే తలుపేస్తాడు. అలాంటాయన గుమ్మంలో నిలబడి బాబాయి గంట నొక్కుతాడు. గంట నొక్కడం కూడా మర్చిపోవద్దన్నారుగా మరి!

"ఏంటండీ?" అంటాడు పెద్దాయన, కంటికి భూతద్దంతోనే.

"పిల్లి పియానో వాయించింది. చివర్లో తాళం తప్పింది."

"ఎవరి పిల్లి?"

"నాకేం తెలుసు? కింద చెప్పమన్నారు, చెప్పాను."

పెద్దాయన కాసేపు బుర్ర గోక్కుని, "అసలు పిల్లికి తాళమేంటండీ?" అనేవాడు. ఇక వాదన మొదలు.

మెల్లగా ఇది మేడంతా పాకింది. మొదటి అంతస్తు టీచరమ్మ మెట్ల మీద నిలబడి, "మీరన్నది నేనొప్పుకోను" అనేది. ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి ఎదురుగా ఉన్న దర్జీ ఒప్పుకునేవాడు. రెండో అంతస్తు బ్యాంకు క్యాషియరైతే ఆఫీసుకెళ్తూ తొంగిచూసి, "ఇవాళ నేనే ఫస్ట్!" అని అరిచి పోయేవాడు. దేంట్లో ఫస్టో ఎవరికీ తెలీదు, ఆయనక్కూడా. ఒకరోజు పిల్లి మీద మొదలైన మాట ఎలా తిరిగిందో తిరిగి, మెట్ల దగ్గర ఎప్పుడో మాడిపోయిన బల్బు మీదికొచ్చింది. తలా ఓ చెయ్యి వేసి దాన్ని మార్చేశారు.

పిన్నికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "జనం నవ్వుతున్నారే. మీ బాబాయి పరువు నీ చేతుల్లో ఉంది. ఆ కింద ఏదో నువ్వే నేర్పించు" అంది నాతో.

కూర్చోబెట్టాను. "బాబాయ్, కింద అంటే మన కింద కాదు, వీడియో కింద. వేలితో ఇలా పైకి తొయ్యి."

"కిందికెళ్లాలంటే పైకెందుకే తొయ్యడం?"

"పైకి తోస్తేనే కిందున్నది కనిపిస్తుంది."

"మరి పైనున్నది?"

"ఇంకా పైకి పోతుంది."

"మన పైన ఉన్నది డాబా కదే!"

కాసేపటికి ఏది పైనో, ఏది కిందో నాకే తెలీకుండా పోయింది. బాబాయి జాలిపడి మంచినీళ్లిచ్చి, "నువ్వు కాస్త నడుం వాల్చు, నేను కిందికెళ్లొస్తా" అన్నాడు.

ఫోను బల్ల మీదే వదిలేశాడు. ఆపేద్దామని తీశాను. పిల్లి వీడియో కింద, అంటే అసలైన కింద, బాబాయి పేరుతో ఓ ముక్క కనిపించింది. "తాళం తప్పినా కళ ఉంది. ఇంకాస్త సాధన చేయించండి." ఒక్క అచ్చుతప్పు లేదు. పిల్లి యజమాని దండం పెట్టి జవాబు కూడా ఇచ్చాడు. కుళాయి బాగుచేసే వీడియో కిందా అంతే, టమాటా మొక్కల వీడియో కిందా అంతే. నాకు మతిపోయింది.

తిరిగి రాగానే నిలదీశాను. "నీకన్నీ వచ్చు కదా! మరి ఈ మెట్లు దిగడమేంటి?"

బాబాయి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "గట్టిగా అరవకే. ఆమధ్య ఆయన వెనకగదిలో కాలు జారి పడ్డాడు. సాయంత్రం దాకా ఒక్కరూ చూళ్లేదు. ఎలా ఉన్నారో చూద్దామని వెళ్తే తలుపు తియ్యడు. పిల్లి సంగతంటే తీస్తాడు. గంట నొక్కగానే లేచొచ్చాడా, నాకంతే చాలు."

ఒక్కసారిగా బాబాయి మీద బోలెడంత ప్రేమ పొంగుకొచ్చింది. ఆ పెద్దాయన్ని నేనూ ఓసారి చూసి రావాలనిపించింది. మర్నాడు ఆగిపోయిన వాచీ ఒకటి వెతికి పట్టుకుని దిగాను.

పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, తలుపేసి, భూతద్దం తీసి నా వైపు వంగాడు. "అమ్మాయ్, ఆ కింద అనే మాటకి అర్థమేంటో మీ బాబాయికి ఎవరూ చెప్పకండి. ఉద్యోగం మానేశాక ఆయన మాట వినేవాళ్లెవరున్నారు పాపం! అందుకే గంట మోగితే పనాపుకుని మరీ లేస్తున్నాను. బుర్ర కాస్త అలా ఉందిగానీ మనిషి మంచివాడు."

పనిబల్ల మీద, చిన్న స్క్రూల పక్కన, ఆయన ఫోనులో టమాటా మొక్కలు ఊగుతున్నాయి.

"ఏది చూసి దిగుతాడో తెలీదు కదా, అన్నీ చూసి పెట్టుకుంటున్నా. చస్తున్నాననుకో" అన్నాడు.

ఎవరు ఎవర్ని కనిపెట్టుకుని ఉన్నట్టు? తేలక నేను కొట్టుమిట్టాడుతుంటే గంట మోగింది. పెద్దాయన గబగబా ఫోను బోర్లించి, చొక్కా సర్దుకుని, మొహం చిరాగ్గా పెట్టుకుని తలుపు తీశాడు.

"టమాటాలు" అన్నాడు బాబాయి.

"నీళ్లెక్కువ పోస్తున్నాడు" అన్నాడు పెద్దాయన.

"మీకెలా తెలుసు?"

"ఊహించా."

అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నువ్వేమంటావే?" అన్నాడు బాబాయి, నోరు విప్పావో జాగ్రత్త అన్నట్టు చూస్తూ.

"అవునమ్మాయ్, నువ్వేమంటావు?" అన్నాడు పెద్దాయన, అంతకంటే ఎక్కువ కళ్లురిమి.

నేను బొటనవేలు పైకెత్తి చూపించాను.