గేరు కీలులో తోలు ముక్క

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి జూన్‌లో నన్ను ఠాణే నుంచి భివండీ సర్వీస్ సెంటర్‌కు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. మోటార్‌సైకిళ్ల పనిలో అప్పటికే ముప్ఫై ఏళ్లు దాటాయి. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకు పైన, మేనేజర్‌కు కింద. బండి రాగానే జాబ్ కార్డు రాయడం, పని పంచడం, చివర్లో తనిఖీ చేసి సంతకం పెట్టడం అతని బాధ్యత. సంతకం పడని బండి గేటు దాటకూడదు. నేను పెట్టకూడని ఒక సంతకం గురించి ఇది.

భివండీ నాకు కొత్త కాదు. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్లుండే కామత్‌ఘర్‌లోనే పుట్టాను. మా నాన్న అక్కడి సాంచెల కార్ఖానాలో జాబర్. సాంచె అంటే మరమగ్గం, అది మొరాయిస్తే దారికి తెచ్చేవాడు జాబర్. ఆ నూనె మురికీ ఆ చప్పుడూ వదిలించుకోవాలనే నేను ఐటీఐ చదివాను. చొక్కా మీద నా పేరు కుట్టిన రోజు నుంచి కార్ఖానా వాళ్లంటే నాకు కాస్త చిన్నచూపే. ఇప్పుడు దాచి లాభం లేదు. బదిలీ మీద సొంత ఊరికి వచ్చి కూడా వర్క్‌షాపులో తెలుగు మాట్లాడేవాణ్ణి కాదు.

ఆగస్టులో నర్సయ్య అన్న తన పాత బండి తీసుకొని వచ్చాడు. మా నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి, మా గల్లీవాడే, ఆయన కూడా జాబర్. బండికి గేరు సరిగ్గా పడటం లేదు, పడినా నిలవడం లేదు.

ఆ రకం పాత బండ్లలో పెడల్ నేరుగా ఇంజన్‌కు తగిలి ఉండదు. పెడల్ నుంచి ఒక సన్నని కడ్డీ వెళ్తుంది, దానికి రెండు చివర్లా కీళ్లు ఉంటాయి. కడ్డీ అవతలి చివర ఒక పొట్టి ఆర్మ్. ఆ ఆర్మ్ ఇంజన్‌లోంచి బయటికి వచ్చిన షాఫ్టు పళ్ల మీద కూర్చుంటుంది. ఆర్మ్‌కు ఒక చీలిక ఉంటుంది. బోల్టు బిగించినకొద్దీ చీలిక దగ్గరపడి, ఆర్మ్ షాఫ్టును గట్టిగా పట్టుకుంటుంది. ఇందులో ఏది అరిగినా పెడల్ ఊగుతుంది, కాలు నొక్కింది గేరు దాకా పోదు.

కూర్చుని చూస్తే రెండు కీళ్లలోనూ తోలు చుట్టి ఉంది. సాంచెలో నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడెను కొట్టే కర్రకు వేసే దళసరి తోలు, నూనెలో నానబెట్టి కీలు పిన్ను చుట్టూ దూర్చాడు నర్సయ్య అన్న. సాంచెల దగ్గర ఇది మామూలే. సాంచె ఆగితే కూలీ ఆగుతుంది కాబట్టి, కొత్త భాగం వచ్చేదాకా అరిగిన చోట తోలు దూర్చి నడిపిస్తారు. మా నాన్న కూడా అదే చేసేవాడు.

నేను ఆ తోలు లాగి, వేళ్లతో పైకెత్తి మెకానిక్‌లందరికీ చూపించాను. ఇది కార్ఖానా కాదని, మోటార్‌సైకిల్‌కూ సాంచెకూ తేడా ఉందని హిందీలో గట్టిగా అన్నాను. అందరూ నవ్వారు. నర్సయ్య అన్న నవ్వలేదు, కోప్పడలేదు.

"తోలు రెండు దినాల కోసం వెట్టిన తమ్మీ. అసలు ఊగుడు కీళ్లల్ల లేదు, మొదట్ల ఉన్నది. షాఫ్టు కాడ వేలు వెట్టి సూడు, నేను పెడల్ కదుపుత" అన్నాడు.

జాబర్లు అలాగే చూస్తారు. ఒకడు ఆడిస్తాడు, ఇంకొకడు ప్రతి కీలు మీదా వేలు పెట్టి, మొదలు నుంచి చివర దాకా సందు ఎక్కడుందో పట్టుకుంటాడు. చిన్నప్పుడు నేను మా నాన్నకు అలా వేలు పెట్టినవాణ్ణే. కానీ అంతమంది ముందు ఆయన చెప్పినట్టు వేలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నా పని నాకు నేర్పనవసరం లేదని, అదీ హిందీలోనే, అన్నాను. ఆయన నా చేతిలోంచి తోలు ముక్కలు తీసుకొని జేబులో వేసుకున్నాడు.

జాబ్ కార్డులో మొదటి గడి బండి యజమాని ఫిర్యాదుది. దాన్ని ఆయన మాటల్లోనే రాయాలని నియమం. నేను 'గేరు వదులు' అని రాశాను. ఊగుడు 'మొదట్ల', అంటే షాఫ్టు దగ్గర, ఉందని ఆయన అన్న మాట రాయలేదు. తోలు సంగతి మాత్రం పరిశీలన గడిలో ఎర్ర సిరాతో రాశాను.

రెండు కొత్త కీళ్లు నేనే వేశాను. ఆర్మ్ బోల్టు బిగించేటప్పుడు చీలిక పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. చీలిక మూసుకుపోయిందంటే లోపలి పళ్లు అరిగాయని అర్థం. ఇక ఎంత బిగించినా ఆర్మ్ షాఫ్టును పట్టదు, మార్చాల్సిందే. ఐటీఐ మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలిసిన సంగతి. మార్చాలంటే నర్సయ్య అన్న చెప్పిందే నిజమని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఇంకో పావు చుట్టు బిగించాను. ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే గేర్లన్నీ పడ్డాయి. సంతకం పెట్టాను.

పది రోజుల తర్వాత ఆయన కార్ఖానా మోటారు వెనక కట్టుకొని రిపేరుకు పోతుంటే పూర్ణ ఊరి దగ్గర ముందున్న కంటెయినర్ లారీ బ్రేకు వేసింది. గేరు తగ్గిద్దామని నొక్కితే పెడల్ ఊరికే తిరిగింది. పై గేరులోనే ఇంజన్ ఆగి బండి రోడ్డు మధ్యలో నిలిచిపోయింది, వెనక వస్తున్న టెంపో గుద్దింది. ఆయన కుడి మోకాలు చితికింది.

తప్పు మాదైతే ఆపరేషన్ మేమే చేయించాలి. అది వెంటనే జరగకపోతే మోకాలు వంగదని డాక్టర్ చెప్పాడట. మోకాలు వంగని మనిషి సాంచె కిందికి దూరలేడు, జాబర్ పని సగం అక్కడే ఉంటుంది. నర్సయ్య అన్న భార్య లక్ష్మి వదిన మేనేజర్ గదిలో నిలబడి ఒకే మాట అడిగింది.

"నిజం ఏందో గది రాసియ్యుండ్రి, సాలు."

విచారణకు కంపెనీ ఏరియా సర్వీస్ ఇంజనీరు వచ్చాడు. ఆర్మ్ విప్పి చూశాడు, లోపల పళ్లు నున్నగా ఉన్నాయి. మేనేజర్ జాబ్ కార్డు ముందుకు తోసి ఎర్ర సిరా మీద వేలు పెట్టాడు. మనిషి సొంతంగా తోలు దూర్చి నడిపాడు, ఆర్మ్ అందుకే పాడైందన్నాడు. తోలుకూ ఆర్మ్ అరగడానికీ సంబంధం లేదని ఆ గదిలో నాకు తెలుసు, బహుశా ఇంజనీరుకూ తెలుసు. బండి యజమాని షాఫ్టు గురించి ఏమైనా చెప్పాడా అని ఇంజనీరు నన్ను అడిగాడు. కార్డులో ఉన్నదే చెప్పాడని అన్నాను. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుంది. పిరికితనానికి నా దగ్గరున్న కారణం అంతే.

తప్పు మాది కాదని తేల్చారు. ఆపరేషన్ ఆలస్యంగా, ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. మోకాలు వంగలేదు. కార్ఖానా వాళ్లు ఇంకో జాబర్‌ను పెట్టుకున్నారు. నర్సయ్య అన్న ఇప్పుడు కాశేలిలో ఒక గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. రిటైరయ్యాక ఒకసారి వెళ్లాను. మొదటిసారి తెలుగులో, అన్నా అని పిలిచి, ఎట్లున్నవని అడిగాను. ఆయన కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించాడు.

"ఠీక్ హూఁ, ఫోర్‌మన్ సాబ్" అని హిందీలో అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు రెండు విషయాలు చెబుతాను. చీలిక మూసుకుపోయిన ఆర్మ్‌ను బిగించకండి, మార్చండి. యజమాని ఏం చెప్పాడో అది ఆయన మాటల్లోనే రాయండి. ఈ రెండూ ఆ సంఘటన నాకు నేర్పినవి కావు. బోల్టు బిగించే ముందే నాకు తెలుసు.