కూరగాయల పలకలోంచి ఏడు బిళ్లలు

బిగింపు బాబాయి బిగించిన నట్టు విప్పడానికి ఓసారి ఇద్దరు వస్తాదులు వచ్చారని, ఒకడికి భుజం జారిందని, రెండోవాడు నట్టుకే దండం పెట్టి వెళ్లిపోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. పోనీ, ఒక్కడే వచ్చాడనుకోండి. ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపిన చెయ్యి అది. కిర్రుమనేదాకా తిప్పాలి, కిర్రుమన్నాక ఇంకో పావు చుట్టు తిప్పాలి. ఆయన చదివిన చదువంతా అదే.

షాపు మూతబడ్డాక వాళ్ల వదిన పిలిచి తన షెడ్డులో పనిచ్చింది. సరస్సు ఒడ్డున ఆవిడ తెరచాప బోర్డులు అద్దెకిస్తుంది. బోర్డు మీద నిలబడి, తెరచాప పట్టుకుని, మనం అనుకున్న దిక్కుకే పోవాలంటే అడుగున చేపకున్నట్టు ఒక రెక్క ఉండాలి. పైనుంచి దిగిన పొడుగాటి స్క్రూ ఆ రెక్కను పట్టుకుంటుంది. స్క్రూ తల కింద ఒక వాషరు. చూడ్డానికి చొక్కా బొత్తామంత. అది లేకపోతే స్క్రూ నిలవదు, రెక్క నిలవదు, మనిషీ నిలవడు.

రెక్కలు విప్పి కడిగేటప్పుడల్లా ఒక్కొక్కటీ జారి, ఏడు బోర్డుల వాషర్లూ ఇసుకపాలయ్యాయి. కొత్తవి తెప్పించాలంటే నెల పడుతుందట.

"నెలెందుకు వదినా? గుండ్రంగా ఉండి నడిమధ్య చిల్లుంటే అది వాషరే," అని బాబాయి పాత సైకిల్ ట్యూబు తీసి, కత్తెరతో ఏడు బిళ్లలు కత్తిరించి బిగించేశాడు. తన పద్ధతిలోనే.

చిక్కంతా అక్కడే. రబ్బరు తిప్పేకొద్దీ నలుగుతుంది తప్ప కిర్రుమనదు. కిర్రుమనందే బాబాయి చెయ్యి ఊరుకోదు. అలా తిప్పగా తిప్పగా ఒక బిళ్ల లోపల్లోపలే చిరిగింది. పైకి మాత్రం బుద్ధిమంతురాలిలా కనబడింది.

మర్నాడు పళ్ల డాక్టరొకాయన సరస్సు మధ్యకు చేరాక స్క్రూ వదులై రెక్క ఊడి నీళ్లలో పడింది. బోర్డు గిరగిరా తిరిగింది. ఎన్ని చుట్లు తిరిగిందంటే, కింద చూస్తున్న చేపలకు కళ్లు తిరిగి ఒడ్డుకొచ్చి కూర్చున్నాయట. డాక్టర్నీ, నీళ్లలో తేలుతున్న రెక్కనీ పడవలో వేసుకొచ్చారు.

వదిన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"చూడు మరిదీ, చుట్టరికంతో పనిచ్చాను. చుట్టరికంతో రెక్కలు ఆగవు. ఆదివారం ఏడు బోర్డులూ వెళ్తాయి. ఏడూ రెక్కలతో తిరిగొస్తే ఉంటావు. లేదంటే ఇంట్లో కూర్చుని మంచం కోళ్లు బిగించుకో."

మంచం కోళ్లు ఎప్పుడో బిగించేశాడు. అవిక ఈ జన్మలో ఊడవు. ఆ సాయంత్రం వంటింటి గడప మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా భార్య తెల్లటి ప్లాస్టిక్ పలక మీద ఉల్లిపాయలు తరుగుతోంది. బాబాయి చూపు పలక మీద నిలిచిపోయింది. పదేళ్లుగా కత్తి దెబ్బలు తింటోంది. రోజుకు మూడుసార్లు నీళ్లలో మునుగుతోంది. ఉబ్బలేదు, చీలలేదు, మాట మారలేదు.

"ఏంటా చూపు? పెళ్లైన కొత్తలో నన్ను కూడా అలా చూళ్లేదు."

"ఆ పలక అంచు ఒక్కటి ఇస్తావా?"

"అంచుతో ఆగుతారా? చనువిస్తే చంకెక్కే రకం మీరు."

అంచుతో ఆగలేదు. సైకిల్ హ్యాండిల్ గొట్టం ముక్క ఒకదాని అంచును ఆకురాయితో అరగదీసి పదును పెట్టాడు. దాన్ని పలక మీద నిలబెట్టి సుత్తితో కొడితే బిళ్ల తెగి ఊడిపడింది. కాల్చిన మేకుతో నడుమ చిల్లు పొడిచాడు. ఏడు అయ్యేసరికి పలక ఎలుక కొరికిన రొట్టెలా తయారైంది.

భార్య అలమరలోంచి ఒక గాజు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇదిగో, మూత తీయండి. బిగించింది మీరే. నాలుగు రోజులుగా ఇందులో పంచదార నాకు దర్శనమివ్వట్లేదు."

బాబాయి పట్టాడు. పళ్లు బిగించాడు. మూత కదల్లేదు.

"నేను రెండు వేళ్లతో బిగిస్తా. తీయాల్సింది కూడా నేనే కదా మరి. ఎప్పుడైనా ఒక్క సీసా కారిందా?"

బాబాయి సీసా కింద పెట్టి తన బొటనవేలూ చూపుడువేలూ చూసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే షెడ్డులో స్క్రూడ్రైవరును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ప్లాస్టిక్ బిళ్ల రబ్బరులా బుకాయించలేదు. ఇక చాలన్నచోట గట్టిగా ఆగింది. ఆ పావు చుట్టు కోసం అరచెయ్యి ఒకటే దురద పెట్టింది. చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఏడుసార్లు పెట్టుకున్నాడు.

బోర్డులు వెళ్లాయి. రెక్కలు నీళ్ల కింద ఉంటాయి, కనబడవు. బోర్డు తిన్నగా పోతోందా, తిరుగుతోందా అన్నదొక్కటే చూడాలి. బాబాయి మధ్యాహ్నం దాకా తలైనా తిప్పకుండా చూశాడు. ఆరు వచ్చాయి. గాలి పడిపోయి ఏడోది చాలాసేపు నీళ్లలో నిలబడిపోయింది. మళ్లీ గాలి లేచాక గీత గీసినట్టు ఒడ్డుకొచ్చింది.

వదిన దాన్ని తిరగేసి రెక్క పట్టుకుని ఊపింది. కదల్లేదు. స్క్రూ విప్పి, బిళ్లను కళ్ల దగ్గర పెట్టుకుంది.

"వాషరు మీద ఈ కత్తిగాట్లేంటి?" అని వాసన చూసింది. "ఉల్లిపాయా?"

బాబాయి ఇసుక వైపు చూశాడు.

"మా తోడికోడలికి కొత్త పలక నేను కొంటాలే," అంది వదిన బిళ్లను ఆయన చేతిలో పెడుతూ. "పాతదాంట్లో మిగిలిన ముక్క రేపు వచ్చేటప్పుడు తీసుకురా. ఇంకో పదైనా వస్తాయి."

బాబాయి ఆ బిళ్లను మళ్లీ స్క్రూ కింద పెట్టి బిగించాడు, రెండు వేళ్లతోనే.